కారం మిల్లు సంగతి

గుంటూరు,
నవంబరు 2025

చిన్నా,

నువ్వు పంపిన మెసేజ్ చదివాను, నాన్నతోనూ చదివించాను. ఉద్యోగం మానేసి వచ్చి కారం మిల్లు పెడతానన్నావు. ప్రభుత్వం 10 లక్షలు ఇస్తుంటే భయమెందుకమ్మా అన్నావు. నువ్వు రావడం నాకూ ఇష్టమే. ఆ 10 లక్షల సంగతి మాత్రం ఫోన్లో చెబితే సగం విని పెట్టేస్తావని రాస్తున్నాను.

ఆ పథకం పేరు పీఎంఎఫ్‌ఎంఈ, చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం పెట్టింది, 2020లో మొదలైంది. అందులో జిల్లాకొక సరుకు ఎంచారు, మన జిల్లాకు మిరపే ఇచ్చారు. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, మహా అయితే 10 లక్షలు. పూర్తి 10 లక్షలు రావాలంటే దాదాపు 29 లక్షల ప్రాజెక్టు పెట్టాలి, అంత మనకెందుకు? 20 లక్షలే అనుకో. కనీసం 2 లక్షలు మనవి, మిగతాది లోను. సబ్సిడీ 7 లక్షలు వస్తుంది కానీ మన చేతికి రాదు, బ్యాంకులోనే ఉంటుంది. మూడేళ్ల తర్వాత మిల్లు నడుస్తూ, లోను మొండి బాకీ కాకుండా ఉంటేనే ఆ సబ్సిడీని లోనుకు జమ చేస్తారు. స్థలం ఖర్చు లెక్కలోకి రాదు. కట్టడాలు 30 శాతం దాటకూడదు. కాబట్టి ఆ 7 లక్షలు లేవనుకునే లెక్క వెయ్యి. అలా కూడా గిట్టుబాటైతేనే పెడదాం.

అసలు డబ్బు కావలసింది మిషనుకంటే కాయకు. మిర్చి యార్డుకు కొత్త కాయ జోరుగా వచ్చేది సంక్రాంతి దాటాక, వేసవి దాకా. ఏడాది పొడుగునా కారం పట్టాలంటే అప్పుడే కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవాలి. మిషను లోనుతో కాయ కొనలేం. మన చేలో పండేది కొంత ఉంది. ఆహార పని చేసే డ్వాక్రా సభ్యులకు ఇదే పథకంలో మనిషికి 40,000 దాకా పెట్టుబడి సొమ్ము ఉంది, సంఘం ద్వారా అప్పుగా ఇస్తారు. మా సంఘంలో అడుగుతాను. అందుకే పెద్ద మిషను వద్దంటున్నాను.

పని కూడా నువ్వనుకున్నంత తేలిక కాదు. తేజ రకం కాయకు తొడిమలు తీస్తే సాయంత్రానికి వేళ్లు మండిపోతాయి, కొబ్బరినూనె రాసుకున్నా నిద్ర పట్టదు. తాలు కాయ ఏరి పక్కన పెట్టాలి, అది కలిస్తే కారం వెలిసిపోయినట్టుంటుంది. మిషను లోంచి పొడి వేడివేడిగా వస్తుంది. ఆత్రంగా కవర్లో కట్టామా, లోపల చెమ్మ పట్టి ఉండలు కడుతుంది. గుడ్డ మీద పలచగా పరిచి, పూర్తిగా చల్లారాక జల్లెడ పట్టాలి. ఎరుపు కోసం రంగు కలిపేవాళ్లున్నారు. ప్యాకెట్ మీద మీ నాయనమ్మ పేరు వేస్తానన్నావు కదా, ఆ పేరున్న సంచిలోకి రంగు వెళ్లడానికి వీల్లేదు.

ఇంత చెబుతూ కూడా నేనెందుకు సరేనంటున్నానో తెలుసా? మొన్న ఫిబ్రవరిలో మిరప రేటు పడిపోయి, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అప్పుడు మీ నాన్న మిరప టిక్కీలు (బస్తాలు) యార్డుకు తోలి, వాళ్లు చెప్పిన రేటుకు తలూపి వచ్చారు, ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అదే నెలలో మన వీధి కొట్లో కారం ప్యాకెట్ ధర పైసా తగ్గలేదు. ఆ తేడాలో కొంతయినా పండించినవాళ్ల ఇంటికి రావాలి, చిన్నా.

పథకాన్ని 2025-26 దాకానే పొడిగించారు కాబట్టి దరఖాస్తు త్వరగానే పెడదాం. కుటుంబానికి ఒక్కరికే ఇస్తారు, నీ పేరుమీదే పెడదాం. డీపీఆర్, అంటే ప్రాజెక్టు రిపోర్టు, రాయడానికి ఈ పథకం తరఫున ఉండే జిల్లా రిసోర్స్ పర్సన్ సాయం చేస్తారట, బ్రోకర్ల జోలికి పోకు. లోను మంజూరయ్యేదాకా ఉద్యోగం మానకు. ఈలోగా హైదరాబాదులో నీ స్నేహితుల ఇళ్లలో, మీ మెస్‌లో నెలకు ఎంత కారం వాడతారో, కిలో ఎంతకు కొంటున్నారో కనుక్కుని రాసిపెట్టు. వచ్చేటప్పుడు పాన్, ఆధార్, బ్యాంకు స్టేట్‌మెంట్లు తెచ్చుకో. సిబిల్ స్కోరు కూడా ఒకసారి చూసుకో, ఆ బండి లోను వాయిదాలు ఏమైనా ఆలస్యమయ్యాయేమో.

ఆశీస్సులతో,
అమ్మ