పదిహేను గ్రాముల ట్యూబు: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ఇదే విషయం మీద ఇది మా నాలుగో కాగితం. మొదటి మూడూ ప్రజావాణిలో ఇచ్చాం. మూడింటికీ రసీదులున్నాయి, మూడింటికీ జవాబు కూడా ఒక్కటే: "తగు చర్య నిమిత్తం సంబంధిత శాఖకు పంపడమైనది." ఆ సంబంధిత శాఖ మీదేనండి. మధ్యలో ఏ బల్ల మీద ఆగిందో తెలియదు కనుక ఈసారి నేరుగా మీకే, నలుగురూ చదివేటట్టు రాస్తున్నాం.

విషయం తామర, చర్మానికి ఫంగస్ పట్టే రోగం. నవ్వకండి. చంపే రోగం కాదు కాబట్టి మీ సమీక్షల్లో దీని పేరు రాదు. నల్లగొండ అంటే ఫ్లోరైడ్, పాలమూరు అంటే వలస. ఈ రెండు మాటలయ్యాక మా జిల్లాల గురించి పై ఆఫీసుల్లో మూడో మాట వినపడదు. కానీ ఇక్కడ ఏ దవాఖానలోనైనా ఓపీ చీటీల కట్ట తిరగేసి చూడండి: దురద, గజ్జల్లో దురద, ఇంటిల్లిపాదికీ దురద.

మా దగ్గర దవాఖానలో ఇచ్చేది ఒక శాతం క్లోట్రిమజోల్ మలాం, 15 గ్రాముల ట్యూబు, మనిషికి ఒకటి. మళ్లీ అడిగితే వచ్చే నెల రమ్మంటారు. ఇచ్చే చెయ్యి మాదే, లేదనే నోరూ మాదే, కాబట్టి ఆ ట్యూబు ఎన్నాళ్లొస్తుందో మీ ముందే లెక్క కడతాం.

చూపుడువేలి కొస నుంచి మొదటి కణుపు గీత దాకా పిండిన మలాం సుమారు అర గ్రాము. అది పెద్దమనిషి రెండు అరచేతులంత మేరకు, వేళ్లతో కలిపి, సరిపోతుంది. ఇప్పుడు వస్తున్న తామర రూపాయి బిళ్లంత ఉండటం లేదు. రెండు గజ్జలు, పిరుదులు, నడుము చుట్టూ లంగా బొందు కట్టే చోటంతా పాకి ఉంటోంది. పైగా మచ్చ మీద రాస్తే చాలదు, అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా రాయాలి. ఫంగస్ చురుగ్గా ఉండేది అంచులో. మధ్యలో మానినట్టు కనపడేది అది తిని వదిలేసి ముందుకు పోయిన చోటు. అంతా కలిపి పన్నెండు అరచేతుల మేర అనుకోండి. పూటకు మూడు గ్రాములు, రోజుకు రెండు పూటలు, ఆరు గ్రాములు. మీ ట్యూబు మూడో రోజు పొద్దుటి పూటతో ఖాళీ.

మలాం పడాల్సింది సుమారు ఆరు వారాలు. మచ్చ కనపడకుండా పోయాక కూడా రెండు వారాలు రాయాలి. ఆరు వారాలకే 252 గ్రాములు. అంటే పదిహేడు ట్యూబులు. ఇంట్లో ఇద్దరికుంటే ముప్పై నాలుగు, మా దగ్గర ఒక్కరికే ఉన్న ఇల్లు దొరకడం కష్టం. పదిహేడు కావాల్సిన చోట ఒకటిచ్చి, "మందు ఇచ్చాం" అని రిజిస్టరులో రాస్తున్నాం. రాతలో తప్పు లేదు, ఇచ్చిన మాట నిజమే.

మూడో రోజు సాయంత్రం ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. దురద తగ్గలేదు, మలాం లేదు. మనిషి మెడికల్ షాపుకు పోయి "దురద మలాం ఇయ్యి" అంటాడు. చీటీ అడిగేవాడు లేడు. చేతిలో పడేది నాలుగు మందుల కలగూరగంప: టెర్బినాఫిన్, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, క్లోబెటసాల్. ఫంగస్‌కు ఒకటి, బ్యాక్టీరియాకు ఒకటి, అమీబాకు ఒకటి (గజ్జల్లో అమీబా ఎక్కడిదో తయారుచేసినవాళ్లే చెప్పాలి), ఈ మూడింటి పనీ చెడగొట్టడానికి ఒక స్టెరాయిడ్. క్లోబెటసాల్ 0.05 శాతం అంటే పూతమందుల స్టెరాయిడ్లలో అన్నిటికన్నా ఘాటైన తరగతి. రాసిన ఒకటి రెండు రోజులకే దురద మాయం, ఎరుపు మాయం. మోసమంతా అక్కడే ఉంది. ఆ ఎరుపూ దురదా ఫంగస్‌తో ఒళ్లు చేస్తున్న కొట్లాటకు గుర్తులు. స్టెరాయిడ్ ఆపేది కొట్లాటను, ఫంగస్‌ను కాదు. మనిషికి హాయి, ఫంగస్‌కు అంతకన్నా హాయి. మలాం ఆపగానే రెట్టింపై తిరిగొస్తుంది, మళ్లీ అదే ట్యూబు కొంటాడు. అలా రెండు మూడు నెలలైతే ఉంగరంలో ఉంగరం వేసినట్టు మచ్చలు పడతాయి, లేదా అంచే చెరిగిపోయి తామరో ఎగ్జిమానో డాక్టరుకే పోల్చుకోరాని రూపు వస్తుంది.

గజ్జల చర్మం ముంజేతి చర్మం లాంటిది కాదు. వృషణాల చర్మం ముంజేతి కన్నా 40 రెట్లకు పైగా స్టెరాయిడ్‌ను పీల్చుకుంటుంది. అందుకే తొడల లోపలివైపు వంకాయ రంగు చారలు పడుతున్నాయి. చర్మం పలచబడి లోపల చిట్లిన గుర్తులవి. తామర పోయినా అవి పోవు.

దీనికి చట్టం లేదా అంటే, ఉంది. 2018 మార్చిలో కేంద్రం 14 స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. చీటీ లేనిదే అమ్మకూడదు. అదే ఏడాది సెప్టెంబరులో 328 మిశ్రమ మందులను నిషేధించింది. గెజిట్ ఢిల్లీలో అచ్చయింది. షాపుకు పోయి చూడాల్సింది మన రాష్ట్ర డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్లు. చీటీ లేనిదే అమ్మకూడదని ట్యూబు మీద ఎర్ర గీత ఉంది. ఆ గీత దాటడానికి మా ఊళ్లలో చిల్లర ఉంటే చాలు. షాపులవాళ్లనే అనడమెందుకు, క్లోట్రిమజోల్ నిండుకున్న రోజున సర్కారు దవాఖానలోనే బీటామెథాసోన్ అనే స్టెరాయిడ్ ట్యూబు చేతిలో పెట్టి పంపుతున్న చోట్లున్నాయి. ఇది పైకి చెప్పకూడదని మాకు తెలుసు. చెప్పకుండా మూడు కాగితాలు రాశాం.

ఇక గోలీల సంగతి. ఇంత మేర పాకిన తామరకు మలాం ఒక్కటే చాలదు, కడుపులోకీ మందు పడాలి. టెర్బినాఫిన్ 250 మిల్లీగ్రాములు ఒకప్పుడు రెండు వారాల్లో పనిచేసేది. ఇప్పుడు నాలుగు వారాలు మింగినా లొంగని కేసులు కుప్పలు. కారణం ఊహ కాదు, తేలిన సంగతి. ఫంగస్ తన కణాల పొర కట్టుకోవడానికి ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం కావాలి. దాని తయారీలో స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైము ఉంది. టెర్బినాఫిన్ పోయి దానికి అతుక్కుని పని ఆపుతుంది. ఆ ఎంజైములో 397వ స్థానంలో ఫినైల్అలనిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ల్యూసిన్ అనే ఇంకోటి వచ్చిందంటే మందు అతుక్కోదు. తాళం మారాక పాత తాళంచెవి ఎన్నిసార్లు తిప్పితే ఏం లాభం? ఇట్రాకొనజోల్ అనే ఇంకో మందు దెబ్బకొట్టేది వేరే ఎంజైమును, కాబట్టి అది ఇంకా చాలామందిలో పనిచేస్తోంది.

ఈ ఫంగస్‌కు 2020లో జపాన్ శాస్త్రవేత్తలు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పేరులోనే మన దేశం ఉంది. న్యూయార్క్‌లో ఇద్దరికి కనపడితే అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ 2023లో ప్రకటించింది. అక్కడ ఇద్దరికి కనపడితే వార్త. ఇక్కడ వాడకు వాడే గోక్కుంటుంటే మందుల కోసం పెట్టే ఇండెంట్‌లో ఒక ట్యూబు.

ఇట్రాకొనజోల్ రోజుకు 200 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు నుంచి ఎనిమిది వారాలు వాడాలి. మా దవాఖానల్లో అది రాదు. వచ్చేది వారానికొక ఫ్లూకొనజోల్ 150, ఈ ఫంగస్ మీద దాని పస అంతంతే. పోనీ మనిషి అప్పు చేసి బయట ఇట్రాకొనజోల్ కొన్నాడనుకోండి, అక్కడా ఒక తిరకాసు ఉంది. ఈ మందు ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి, అన్నం తిన్న వెంటనే మింగాలి. మన దగ్గర ఏ చీటీ చూసినా అలవాటుగా చివర పాంటోప్రజోల్ రాసి ఉంటుంది. గ్యాస్ గోలీ ఆమ్లాన్ని ఆపుతుంది, ఆమ్లం లేక ఇట్రాకొనజోల్ ఒంటికి పట్టకుండా పోతుంది. రెండు గోలీలూ డబ్బు పెట్టి కొన్నవే. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఇట్రాకొనజోల్ ఇవ్వరాదు, కొలెస్ట్రాల్ గోలీలు వేసుకునేవాళ్లను ముందే అడగాలి, లివర్ పరీక్ష చూసుకోవాలి. ఇవన్నీ చూసి ఇవ్వాల్సిన మందును దవాఖానలో పెట్టకుండా, ఏదీ అడగని షాపుకు వదిలేశాం.

పరీక్ష చేద్దామంటే సదుపాయం లేదని ఒక సమావేశంలో విన్నాం. సార్, దీనికి కావాల్సిన పెద్ద వస్తువు మైక్రోస్కోపు ఒక్కటే. క్షయకు తెమడ చూసేది, మలేరియాకు రక్తం చూసేది అదే మైక్రోస్కోపు, చూసేది అదే టెక్నీషియన్. ఇక పొటాషియం హైడ్రాక్సైడ్ 10 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ వేసి 100 మిల్లీలీటర్లు చేస్తే చాలు. మచ్చను స్పిరిట్‌తో తుడిచి, బ్లేడు మొద్దువైపుతో అంచు దగ్గర పొట్టు గీకి, స్లైడు మీద ఒక చుక్క వేసి, కవర్‌స్లిప్ మూసి పదిహేను ఇరవై నిమిషాలు ఆగితే చర్మకణాలు కరిగి ఫంగస్ దారాలు బయటపడతాయి.

తప్పులు జరిగేది చిన్న చిన్న చోట్ల. మచ్చ మధ్యలో గీకుతారు, అక్కడ ఏమీ ఉండదు. తొందరపడి స్లైడును దీపం మీద మరిగిస్తారు, గడ్డలు కట్టి చూపు ఆనదు. ద్రావణాన్ని గాజు సీసాలో మూత వదులుగా పెడతారు. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి పాడవుతుంది, గాజునూ తింటుంది, ప్లాస్టిక్ సీసాలో బిగించి పెట్టాలి. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది వెలుతురు తప్పు. తెమడ స్లైడుకు పెట్టినట్టు, వెలుగును స్లైడు మీదికి కూర్చే కండెన్సర్ పైకెత్తి నిండా వెలుగు పెడితే రంగు లేని ఫంగస్ దారాలు వెలుగులో కలిసిపోతాయి. కండెన్సర్ దించి, వెలుగు తగ్గించి, ముందు 10ఎక్స్‌లో వెతికి 40ఎక్స్‌లో చూడాలి. కణాల హద్దులను అడ్డంగా దాటుకుంటూ, మధ్యమధ్య గోడలతో కొమ్మలు వేస్తూ పోయేదే ఫంగస్. కణాల హద్దుల వెంటే తిరిగేది కాదు. ఒక్క పూట శిక్షణ ఇస్తే పట్టుబడే పని ఇది. శిక్షణ ఇస్తామని మాట వచ్చింది, తారీఖు రాలేదు.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో సర్కారు మెడికల్ కాలేజీలు పెట్టారు. సంతోషమే. వాటిలో మైక్రోబయాలజీ ఉంది, చర్మవ్యాధుల విభాగం ఉంది. పొట్టును ఫంగస్ పెంచే సబురాడ్ అగార్ మీద వేసి 25 నుంచి 30 డిగ్రీల మధ్య నాలుగు వారాలు పెంచి, ఏ మందుకు ఎంత మోతాదులో లొంగుతుందో చూడటం వాళ్లకు చేతగాని పని కాదు. 397వ స్థానం చదవాలంటే హైదరాబాద్‌లో జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది. నాటు వేసే కూలీల్లో, ముంబై, పుణె నుంచి తిరిగొచ్చిన పాలమూరు మేస్త్రీల్లో, హాస్టల్ పిల్లల్లో టెర్బినాఫిన్‌కు లొంగనిది ఎంతమందిలో ఉందో జిల్లాకొక అధ్యయనం చేయించండి. ఆ లెక్క లేకుండా ఏ గోలీ కొనాలో మీ కార్పొరేషన్‌కు ఎలా తెలుస్తుంది? పాత ఇండెంట్ చూసి కొత్త ఇండెంట్ రాస్తున్నారంతే.

హాస్టళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. అక్కడ తామరతో పాటు గజ్జి ఉంది, రెండూ వేరు. గజ్జికి 5 శాతం పర్మెత్రిన్ మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు వదలకుండా రాసి రాత్రంతా ఉంచాలి, వారానికి మళ్లీ రాయాలి. గదిలో అందరికీ ఒకే రాత్రి. దురద ఉన్న పిల్లలకే రాస్తే మిగతావాళ్ల దగ్గర్నుంచి నెలలోగా తిరిగొస్తుంది. ఒక ట్యూబును నలుగురికి పంచి రాయించడం కన్నా రాయకపోవడమే నయం.

ఆశా కార్యకర్తలకు చెప్పిస్తే డబ్బు ఖర్చు లేని పనులూ ఉన్నాయి. మొలతాడు తీయించాలి. నెలల తరబడి చెమటకు నాని, ఎప్పుడూ ఆరని ఆ దారం కిందే ఫంగస్ కాపురం, మందు రాసినా దాని కింద చేరదు. తీయమంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు, అందుకే ఊరివాళ్ల మాటగా చెప్పాలి. నాట్లప్పుడు తడి చీరతో పొద్దంతా ఉన్నవాళ్లు ఇంటికి రాగానే మార్చుకోవాలి, తువ్వాలు ఎవరిది వాళ్లదే, బట్టలు తిరగేసి ఎండలో ఆరేయాలి. ఇంట్లో అందరినీ ఒకేసారి చూడాలి.

ఇదంతా కాని పని అనకండి. కుష్టు మందు నెలకొక అట్ట చొప్పున, ఏ రోజు ఏ గోలీయో తెలిసేటట్టు, ఆరు నెలలకు గానీ పన్నెండు నెలలకు గానీ పూర్తి కోర్సు ఊరి దాకా వస్తోంది, పైసా తీసుకోకుండా. అట్లాంటి ప్యాకెట్ తామరకు ఎందుకు కుదరదు? ఒక మనిషికి ఒక అట్టపెట్టె: సరిపడా మలాం, ఆరు వారాల ఇట్రాకొనజోల్, "అన్నం తిన్నాక వేసుకోవాలి, గ్యాస్ గోలీతో కలపొద్దు" అని తెలుగులో ఒక చీటీ. 2025 మేలో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సభ చర్మవ్యాధులను ప్రజారోగ్య ప్రాధాన్యంగా గుర్తించి తీర్మానం చేసింది. ఆ సభలోని సభ్య దేశాల్లో మనమూ ఉన్నాం కదా అని గుర్తుచేస్తున్నాం.

స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు చీటీ లేకుండా అమ్మకుండా చూడండి. పరీక్షకు సీసా, స్లైడ్లు, ఒక పూట శిక్షణ ఇప్పించండి. ఇట్రాకొనజోల్ తెప్పించండి. ఇవేవీ ఈ నెలలో కావంటే, కనీసం ఒకటి చేయండి సార్. తొలకరి పడి నాట్లు మొదలయ్యేలోగా వచ్చే ఇండెంట్ మీ బల్ల మీదికి వస్తుంది. అందులో "క్లోట్రిమజోల్ 15 గ్రా., రోగికి: 1" అని ఉన్న చోట, ఆ 1 పక్కన ఒక 7 వేయించండి.

ఇట్లు,
ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సర్కారు దవాఖానల్లో పనిచేసే కొందరు ఫార్మసిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు