ఖరగ్‌పూర్ అక్కా, నీ స్టీలు డబ్బా మా దగ్గరే ఉండిపోయింది

నిన్న రాత్రి పదకొండున్నరకి ఇంటికి చేరాం. సూట్‌కేసులు ఇంకా విప్పలేదు, పాదాలు వాచిపోయి ఉన్నాయి, పిల్లలు లేవలేదు. వాళ్ల బడి సంగతి మా ఆయన చూసుకుంటారు. నేను మాత్రం ముందు ఇది రాయాలి. రేపు రాద్దాంలే అనుకుంటే ఇంక రాయను, నా సంగతి నాకు తెలుసు.

కనుమ నాడు కాకైనా కదలదంటూ అమ్మ కదలనివ్వలేదు కాబట్టి, పండగంతా అయ్యాక విజయవాడలో రైలెక్కి కోల్‌కతా వెళ్లాం. అమ్మ, నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు. అమ్మకి డెబ్బై రెండేళ్లు, షుగరుంది, ఉల్లీ వెల్లుల్లీ కూడా ముట్టదు. నాన్న పోయాక తెనాలి దాటడం ఇదే మొదటిసారి. దక్షిణేశ్వరం చూడాలని ఎన్నాళ్లుగానో అంటోంది. చేపల ఊళ్లో ఈవిడకి ఏం పెట్టాలిరా భగవంతుడా అని నాకు బయల్దేరే ముందు నుంచే టెన్షన్. అందుకే ఫోన్లో వారం రోజులు వెతికి, ఎక్కడ తినాలో, ఏం చూడాలో అన్నీ రాసి పెట్టుకున్నాను. ఆ కాగితం ఒక్క పూటకి కూడా పనికి రాలేదు.

సోమవారానికి ఆన్‌లైన్లో ఒక సిటీ టూరు బుక్ చేశాను. కారు, గైడు, విక్టోరియా మెమోరియల్, ఇండియన్ మ్యూజియం, మధ్యలో వెజ్ భోజనం, అన్నీ కలిపి మనిషికి ఇంతని. గైడు రానేలేదు. డ్రైవరు మమ్మల్ని విక్టోరియా గేటు దగ్గర దింపి, రెండింటికి వస్తానని వెళ్లిపోయాడు. లోపలికి వెళ్లబోతే చెప్పారు, సోమవారం తోట మాత్రమే తెరుస్తారట, గ్యాలరీలు మూసేస్తారట. పోనీ ఇండియన్ మ్యూజియానికైనా వెళ్దామంటే దానికీ సోమవారమే సెలవు. 1814లో పెట్టిన మ్యూజియం, ఈజిప్టు మమ్మీ ఉంటుందని మావాడికి రైల్లో పడుకోబోయే ముందు కూడా చెప్పాను. మమ్మీ లేదంటే వాడు గేటు ముందే కూర్చుని ఏడుపు. పక్కనే గుర్రబ్బళ్లు నిలబడి ఉన్నాయి, మా చిన్నది అదెక్కుతానని ఇంకో ఏడుపు.

టికెట్ అమ్మేటప్పుడు అమ్మ వయసు, నా ఆధార్, ఈమెయిలు, పుట్టినరోజు కూడా అడిగిన ఆ కంపెనీకి, సోమవారం సెలవండీ అని ఒక్క ముక్క చెప్పడానికి చోటు లేకపోయిందా? ఫోన్ చేస్తే పావుగంట పాట వినిపించి, టూరులో మార్పులు జరగవచ్చని షరతుల్లో రాశాం మేడమ్, డబ్బు వాపసు రాదు అన్నారు. సరే, ఆ గొడవ మళ్లీ చెప్తాను.

ఒంటిగంట దాటింది. ఫోన్లో "ప్యూర్ వెజ్" అని కనిపించిన హోటల్‌కి ఇరవై నిమిషాలు నడిపించాను అందర్నీ. తీరా చూస్తే తలుపు మీదే రొయ్యల బొమ్మ. అమ్మ ముఖం చూసి ఏమీ అనలేక వెనక్కి తీసుకొచ్చేశాను. పొద్దున షుగర్ మాత్ర వేసుకుంది, రెండు ఇడ్లీలు తింది, అంతే. నా బ్యాగులో ఎప్పుడూ ఉండే బిస్కెట్లు పిల్లలు రైల్లోనే లాగించేశారు, నేను మళ్లీ కొనలేదు. విక్టోరియా ప్రహరీ పక్కన అమ్మ ఉన్నట్టుండి కూలబడింది. చలికాలంలో ముఖమంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, పిలిస్తే నావైపు చూస్తోంది గానీ పలకడం లేదు. మా ఆయన కొట్టు ఎక్కడుందా అని పరిగెత్తారు. నేను "అమ్మా, అమ్మా" అంటూ అక్కడే ఉండిపోయాను, నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

"ఏటమ్మా, ఏటైపోనాది? షుగరేటి?"

ఆ ఊళ్లో, ఆ నిమిషంలో, తెలుగు! తల తిప్పి చూస్తే నీలం స్వెట్టరు, భుజానికి గుడ్డ సంచి, చంకలో ఆసుపత్రి ఫైలు. యాభై దాటి ఉంటాయి. నా జవాబు కోసం చూడలేదు. సంచిలోంచి స్టీలు డబ్బా తీసి, మూత విప్పి, అమ్మ తలని తన భుజానికి ఆనించుకుని, చిన్న చిన్న ముక్కలు తుంచి నోట్లో పెట్టింది. "నమలండి పిన్నీ, నమిలీండి" అంటూ. అయిదు నిమిషాలో పది నిమిషాలో, నాకు తెలియలేదు. అమ్మ కళ్లు నిలబడ్డాయి. నోరు తెరిచి అన్న మొదటి మాట, "బెల్లం బాగుంది. తాటిబెల్లమా?"

నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు.

అది పాటిషాప్టా అట. బియ్యప్పిండితో పల్చటి అట్టు పోసి, లోపల కొబ్బరీ బెల్లం కోరు పెట్టి చుడతారు. సంక్రాంతికి మనకి అరిసెలెలాగో బెంగాలీలకి ఈ పిఠేలు అలాగ. అందులో వేసేది నోలెన్ గుడ్ అని చలికాలంలో వచ్చే కొత్త బెల్లం. కర్జూరం చెట్టుదని ఆవిడ చెప్తుంటే అమ్మ అడ్డం వచ్చి, "అది ఈత చెట్టే కదమ్మా" అని తేల్చేసింది. నిజమే, మన దగ్గర కల్లు గీసే ఈత చెట్టే. వాళ్లు చలిరాత్రుళ్లు కుండ కట్టి తీపి రసం దించి, పులవకముందే పొద్దున్నే కాచి బెల్లం చేస్తారు. స్పృహ తప్పబోయిన మనిషి ఇంత ఆరా తీసిందంటే ఇంక భయం లేదనుకున్నాను.

అక్కడితో వెళ్లిపోయినా ఆవిడకి జన్మంతా దణ్ణం పెట్టుకునేదాన్ని. వెళ్లలేదు. "బువ్వ తినలేదేటి మీరెవరూ?" అని మమ్మల్ని రోడ్డు దాటించి, రెండు సందులు తిప్పి ఒక మిఠాయి కొట్టుకి తీసుకెళ్లింది. బెంచీలు కూడా సరిగ్గా లేవు. అక్కడ రాధాబల్లభి అని మినప్పప్పు కూరిన పూరీ, దానికి తోడు కొబ్బరి ముక్కలు వేసిన శనగపప్పు, కాస్త తీపిగా. ఉల్లి వెల్లుల్లి లేవని ఆవిడే కొట్టతన్ని రెండుసార్లు అడిగి మరీ పెట్టించింది. పిల్లలు చెరి నాలుగు తిన్నారు. డబ్బులు నన్నివ్వనిచ్చింది, అదొక్కటే నాకు దక్కిన గౌరవం.

తింటుండగా తెలిసిందేమిటంటే, ఆవిడది ఖరగ్‌పూర్. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చి అక్కడే స్థిరపడ్డారట. ఖరగ్‌పూర్లో మనవాళ్లు చాలామంది ఉన్నారని విన్నాను గానీ మూడు తరాల తర్వాత కూడా ఆ యాస అలాగే ఉంటుందని అనుకోలేదు. మావాడు ఉత్సాహంగా తన నోట్‌బుక్కులో ఆవిడ పేరు తెలుగులో రాసి చూపించాడు. చూసి నవ్వింది. "నాకు తెలుగు సదవడం రాదు బాబూ, మాటాడ్డమే వచ్చు. బడి బెంగాలీలో సదూకున్నాను" అంది.

ఆ నోట్‌బుక్కే తీసుకుని ఒక కాగితంలో బెంగాలీలో ఏదో రాసి చింపి నాకిచ్చింది. ఎక్కడ తినడానికి కూర్చున్నా ముందు ఇది చూపించమంది. నిరామిష్ అనే మాట నేర్పింది. ఆ మాటంటే చాలట, మాంసం చేపలే కాదు, పద్ధతిగా వండే చోట ఉల్లీ వెల్లుల్లీ కూడా వెయ్యరట. తర్వాత నా పట్టిక అడిగి చూసి సగం కొట్టేసింది. మాల్స్ మీ ఊళ్లో లేవేటి అంది. పొద్దున్నే హౌరా బ్రిడ్జి కింద మల్లిక్ ఘాట్ పూల మార్కెట్ చూడమంది, అక్కణ్ణుంచి లాంచీలో నది దాటమంది. తిరిగొచ్చేటప్పుడు నది అడుగు నుంచి వెళ్లే మెట్రో ఎక్కితే పిల్లలకి సరదా అంది. బేలూరు మఠం మధ్యాహ్నం మూసేస్తారు, పెందలాడే వెళ్లండి, దక్షిణేశ్వరం నుంచి పడవ ఉంటుంది అంది. ఫోన్లో చుక్కలు చూసి తినకండి, ఆఫీసులోళ్లు నిలబడి తింటున్న చోట తినండి అని నన్ను మెత్తగా కోప్పడింది కూడా.

పావు తక్కువ మూడుకి గోడగడియారం చూసి దిగ్గున లేచింది. వాళ్లాయన్ని పెద్దాసుపత్రిలో చూపించడానికి వచ్చారట, రిపోర్టు మూడింటికి ఇస్తామన్నారట, అంతవరకు అక్కడ కూర్చోలేక గాలి కోసం బయటికి వచ్చిందట. పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. ఫోన్ నంబర్ అడగలేదు. ఆయనకి ఏమైంది అని కూడా అడగలేదు నేను. గంటంబావు సేపు మా అమ్మ షుగరు, నా పిల్లల మమ్మీ, నా టూరు డబ్బులు, ఇవే మాట్లాడాను. చంకలో ఆ ఫైలు మొదటి నిమిషం నుంచీ కనబడుతూనే ఉంది.

ఆ కాగితం మహిమ మర్నాడు చూశాం. కాలేజ్ స్ట్రీట్ దగ్గర అరిటాకులో వడ్డించే పాత భోజన హోటల్‌కి ధైర్యం చేసి వెళ్లాం. లోపలంతా చేపల వాసనే, అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. కాగితం చదివిన పెద్దాయన ఒక మూల బల్ల తుడిపించి, శుక్తో అని చేదుగా ఉండే కూర, అరటిపువ్వు కూర, బంగాళాదుంపలో గసగసాల ముద్ద, వేడన్నం తెచ్చి పెట్టించాడు. అమ్మ అరటిపువ్వు కూర రెండోసారి అడిగింది. అడిగించుకోకుండా అమ్మ తినడమే కష్టం, అలాంటిది అడిగి మరీ తింది.

అక్కడ తిన్నాక పారమౌంట్‌కి వెళ్లాం, 1918 నాటి షర్బత్ కొట్టు, లేత కొబ్బరి వేసిన డాబ్ షర్బత్ మాత్రం ఎవరూ వదలకండి. తర్వాత కాఫీ హౌస్. కాఫీ గురించి ఏమీ అనను, గుంటూరు జిల్లావాళ్లం, మా కాఫీ వేరు. పక్క బల్ల దగ్గర చదువుకునే కుర్రాడు ఒకడు ఉంటే కాగితం వాడికిచ్చి, ఇందులో ఏముంది నాయనా అని అడిగాను. చదివి, ఒక్కక్షణం ఆగి, హిందీలో చెప్పాడు. "వీళ్లు నిరామిష్. చేప, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వద్దు. పెద్దావిడకి షుగర్ ఉంది, ఆలస్యం చెయ్యకుండా ముందు ఆవిడకి పెట్టండి. ఆవిడ మా పిన్ని. ధర సరిగ్గా చెప్పండి."

అంతమంది మధ్య, ఆ కేకలూ పొగా మధ్య, వెక్కి వెక్కి ఏడ్చాను. పిల్లలు కంగారు పడ్డారు. అమ్మ మాత్రం "మరి పిన్నీ అనే కదా పిలిచింది" అంది, అందులో వింతేముందన్నట్టు.

దక్షిణేశ్వరం బాగా జరిగింది. రాణీ రాష్‌మణి 1855లో కట్టించిన గుడి, గంగ ఒడ్డున అమ్మ గంటసేపు కూర్చుంది. అది అమ్మ చెప్పుకోవాల్సిన విషయం, నేను రాయను.

మిగతా వాళ్లకి కూడా థాంక్స్ చెప్పాలి. మా ఆయన బ్యాగులన్నీ మోశారు, ఎలాగూ ఆయనే మోస్తారు. తమ్ముడు అమెరికా నుంచి టికెట్లకి డబ్బు పంపాడు. అన్నట్టు, అమ్మ సంగతి విని మీటరు మీద పైసా ఎక్కువ తీసుకోని పసుపుపచ్చ టాక్సీ ఆయనకి, పేరు అడగలేదు. వెళ్లేటప్పుడు రైల్లో కింద బెర్త్ ఇచ్చిన బరంపురం దంపతులకి. రాత్రి పదింటికి అమ్మకి వేడినీళ్లు తెచ్చిన లాడ్జి కుర్రాడికి. కాగితం చదివిన ఆ విద్యార్థికి, వాడికి థాంక్స్ చెప్పకుండా ఏడుస్తూ కూర్చున్నాను. అయ్యో, ఎదురింటి వదిన! తులసికి నీళ్లు పోసి, పాలు తీసుకుని, మా పిల్లికి పెట్టింది అయిదు రోజులూ. వదినా, నిన్నే ముందు రాయాల్సింది.

టూరు కంపెనీవాళ్లకి మెయిలు పెట్టాను. మీ అభిప్రాయం మాకు విలువైనది, అయిదు నక్షత్రాలకి ఎన్ని ఇస్తారు అని జవాబొచ్చింది. అంతే, ఇంకేం రాలేదు.

తిరుగు ప్రయాణంలో మా రైలు ఖరగ్‌పూర్లో అర్ధరాత్రి దాటాక ఆగింది. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదని చెప్పుకున్న ప్లాట్‌ఫామ్ అది, ఇప్పుడా పేరు హుబ్బళ్లికి పోయింది. శాలువా కప్పుకుని దిగి అటూ ఇటూ చూశాను. ఆ వేళప్పుడు ఆవిడ అక్కడెందుకుంటుంది? అయినా దిగాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ముక్కలు చదవడం ఆవిడకి రాదు. ఖరగ్‌పూర్లో ఉన్న తెలుగువాళ్లెవరైనా చూస్తే మీ చుట్టుపక్కల అడగండి, దొరికితే ఆవిడకి చదివి వినిపించండి. నీలం స్వెట్టరు, సోమవారం మధ్యాహ్నం, విక్టోరియా గోడ పక్కన, డబ్బాలో పాటిషాప్టాలు. ఆ డబ్బా అమ్మ సంచిలో ఉండిపోయింది. మనవాళ్ల అలవాటు ప్రకారం మూత మీద పేరు చెక్కించి ఉంది, బెంగాలీ అక్షరాల్లో. ఆ పేరు ఇక్కడ రాయను, ఏముందో చెప్పగలిగినవాళ్లు నాకు విడిగా మెసేజ్ పెట్టండి. ముందు ఆయనెలా ఉన్నారో చెప్పండి.

ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదని అమ్మ పొద్దున్నే లేచి, పండగవి మిగిలిన అరిసెలు డబ్బాలో సర్ది చూసింది. సర్దాక తనే అంది, ఇవి పాతబడ్డాయి, ఆ అమ్మాయి ఎక్కడుందో తెలిశాక కొత్తవి వండుతాను, ముందు బియ్యం నానబోస్తానేమిటని.