ఊ కొట్టినందుకు 42 వేలు

సంపాదకులకు నమస్కారం.

కథ చెబుతుంటే ఊ కొట్టడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ ఊకు వింటున్నానని అర్థం, సరేనని కాదు. ఫోన్లో షేర్లు అమ్మేవాళ్ళకు ఈ తేడా పట్టదు. దానివల్ల నాకు 42 వేల రూపాయలు పోయాయి.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, బ్యాంకు కాగితాల్లో ఇంగ్లీషు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత షేర్లలో పెట్టాను. నిరుడు ఒక బ్రోకరు ఆఫీసు నుంచి ఓ అబ్బాయి ఫోన్ చేసి హిందీలో గడగడా చెప్పుకుపోయాడు. ప్రీమియం, ఎక్స్‌పైరీ అన్న మాటలు చెవిన పడ్డాయి. మధ్యమధ్య 'ఠీక్ హై సర్?' అని అతను ఆగితే మర్యాదకు 'హా' అన్నాను. నాలుగు రోజులకు చూస్తే నా పేరున ఆప్షన్లు, అంటే గడువు నాటికి ఫలానా ధరకు కొనే లేదా అమ్మే హక్కులు, కొని ఉన్నాయి. గడువు నాటికి వాటి విలువ సున్నా. గట్టిగా అడిగితే రికార్డింగు వినిపించారు. ఆర్డరు ఇచ్చింది క్లయింటేనని చూపే ఆధారం బ్రోకరు దగ్గర ఉండాలని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2018లో చెప్పింది. మనకు తెలియకుండా మన ఖాతాలో కొనకూడదనే ఆ నిబంధన. నా విషయంలో ఆ ఆధారం నా గొంతే. ఏడుసార్లు 'హా' అన్నాను, లెక్కపెట్టాను.

సగం తప్పు నాది. లాభం మాట రాగానే చెవులు నిక్కబొడుచుకున్నాయి, తక్కింది గాలికి పోయింది. టీకొట్టు దగ్గరా ఇదే తంతు. పదివేలు పెడితే యాభై వేలయ్యాయని చెప్పేవాడు ఒకడుంటాడు, చుట్టూ పదిమంది వింటారు. పోగొట్టుకున్నవాడు నోరు విప్పడు. 2021-22 నుంచి మూడేళ్ళలో ఫ్యూచర్స్ (ముందే కుదుర్చుకున్న ధరకు తరువాత కొనే, అమ్మే ఒప్పందాలు), ఆప్షన్స్ చేసిన మామూలు జనంలో 93 శాతం నష్టపోయారనీ, సగటు నష్టం తలా రెండు లక్షల దాకా ఉందనీ సెబీయే 2024 సెప్టెంబరులో చెప్పింది. ఆ 93 మంది గొంతు మన టీకొట్టులో వినపడదు.

వినడం అంటే ఏమిటో మా అబ్బాయి చూపించాడు. కంపెనీలు మూడు నెలల ఫలితాల తరువాత విశ్లేషకులతో మాట్లాడిన ఆడియోను, దాని పాఠాన్ని వెబ్‌సైట్లో పెడతాయి. ఒకటి పెట్టి, 'అప్పు గురించి అడిగిన దగ్గర వినండి నాన్నా' అన్నాడు. అడిగింది అప్పు గురించి. కంపెనీ పెద్దమనిషి కొత్త ప్లాంటు గురించి, మార్కెట్ వాటా గురించి చెప్పాడు గానీ అప్పు దగ్గరికి రాలేదు. మళ్ళీ అడిగితే 'తరువాత తెలియజేస్తాం' అన్నాడు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పాను, హోంవర్కు చేయనివాడి జవాబు నాకు తెలుసు!

ఇటీవల మా దగ్గర మదుపరుల అవగాహన సభ పెట్టారు. గంటసేపు ఇంగ్లీషు స్లైడ్లు, ప్రశ్నలకు ఐదు నిమిషాలు. చివర్లో 'అర్థమైంది కదా' అంటే హాలంతా ఊ అంది. నేనూ అన్నాను. సవర గిరిజనుల మాట విని విని నేర్చుకుని, వాళ్ళ భాషకు వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిది.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురంలలో ఇలాంటి సభలు తెలుగులోనూ జరగాలి. సగం సమయం అధికారులు మా ప్రశ్నలు వినాలి. ఫోన్లో ఆర్డరు తీసుకునేవాళ్ళు 'ఏం కొంటున్నారో, ఎంత పోవచ్చో మీ భాషలో మీరే చెప్పండి' అని క్లయింటును అడగాలి. చెప్పలేకపోతే ఆర్డరు వేయకూడదు. రికార్డింగులో ఒట్టి 'హా' మాత్రమే ఉంటే సెబీ దాన్ని ఒప్పుకోలుగా లెక్కలోకి తీసుకోకూడదు.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా