యోమ్ కిప్పూర్ దగ్గర పడింది: సినగాగ్ కమిటీ విరాళాల విజ్ఞప్తి

షాలోమ్. గుంటూరు జిల్లాలోని మన బెనె ఎఫ్రాయిమ్ (తెలుగు యూదుల) కుటుంబాలకూ, పొట్టకూటికి ఊరు వదిలి హైదరాబాదు వెళ్లినవాళ్లకూ, దేశం దాటినవాళ్లకూ కమిటీ నమస్కరించి రాసుకునేది.

2026 సెప్టెంబరు 20 ఆదివారం సాయంత్రం యోమ్ కిప్పూర్, అంటే మన ప్రాయశ్చిత్త దినపు ఉపవాసం, మొదలవుతుంది. సినగాగ్‌లో, అంటే మన ప్రార్థన మందిరంలో, ఆడవాళ్లు కూర్చునే వైపు పైకప్పు రేకులు కారుతున్నాయి. ఇన్వర్టర్ బ్యాటరీ చివరికొచ్చింది. ఉపవాసం విడిచే వేళ ఫలహారం ఖర్చు ఉండనే ఉంది. వచ్చిన డబ్బు సగానికి కూడా చాలదు. లెక్క కోశాధికారి గారి దగ్గరుంది, ఎవరైనా చూసుకోవచ్చు.

ఇవన్నీ ఒక ఎత్తు, దీపాల పెట్టె ఒక ఎత్తు. కమిటీలో ఒక పెద్దాయన దాని మీదే పట్టుబట్టారు. ఆయన మాటలో న్యాయం ఉంది. ఉపవాసం ముగిశాక హవ్దాలాకి (పవిత్ర దినాన్ని సాగనంపే దీపప్రార్థనకి) అప్పటికప్పుడు అగ్గిపుల్ల గీసి వెలిగించిన మంట పనికిరాదు. ముందురోజు సూర్యాస్తమయానికి మునుపే వెలిగించి, రోజంతా ఆరకుండా నిలిచిన దీపమే కావాలి. ఉపవాసం 25 గంటలు, దీపం 26 గంటలు వెలగాలి. మధ్యలో నూనె పోయకూడదు, వత్తి ఎగదోయకూడదు.

మన దగ్గర దీపం ఆరేది నూనె చాలక కాదు, ఫ్యాను గాలికి. కరెంటు పోయినప్పుడు నిక్కచ్చిగా వెలిగే దీపం, కరెంటు రాగానే ఫ్యాను తిరగడంతో టప్పున ఆరిపోతుంది. ఆ పవిత్ర దినాన స్విచ్చి ముట్టుకోం కాబట్టి ఫ్యాను ఆపలేం. అందుకే వెనక రేకు, ముందు అద్దం ఉన్న పెట్టె. అడుగున, పైన బెజ్జాలు తప్పనిసరి. పైన మూసేస్తే వేడికి అద్దం పగలవచ్చు, మంట కూడా ఊపిరాడక చిన్నబోతుంది. ఇళ్లలో వెలిగించేవాళ్లు ముందు వారమే ఒక రోజు అదే గ్లాసు, అదే వత్తితో వెలిగించి ఎంత నూనె తాగిందో కొలుచుకోండి. వత్తి లావైతే మసిగడ్డ కట్టి నూనె త్వరగా అయిపోతుంది.

ఈ డబ్బులోనే 30 మి.లీ. గీత ఉన్న, ఔషధం కొలిచే చిన్న కప్పులు కూడా కొంటాం. షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరునూ రబ్బీనీ (మన మతగురువునూ) అడగకుండా ఉపవాసం పట్టవద్దు, ప్రాణం ముందు. పూర్తిగా తినక తప్పనివాళ్లు మామూలుగానే తింటారు. కొద్దికొద్దిగా తీసుకుంటే సరిపోయేవాళ్లకు ఈ కప్పు: ఒకసారికి 30 మి.లీ.కి మించకుండా, 9 నిమిషాలు ఆగి మళ్లీ. బార్ మిత్స్వా (పిల్లలు మత విధులకు పెద్దవాళ్లయ్యే వేడుక) దాటని పిల్లలను బలవంతపెట్టకండి.

ముందురోజు ఆఖరి భోజనంలో ఆవకాయ, అప్పడాలు, గొడ్డుకారం వద్దు (ఈ మాట మన జిల్లాలో చెప్పడం కష్టమే). ఉప్పూ కారమూ దాహం పెంచుతాయి. పెరుగన్నం మంచిది, ఆ పూట మాంసం తినకపోతేనే (మాంసం, పాలు మనం కలపం కదా). టీ అలవాటున్నవాళ్లు నాలుగు రోజుల ముందు నుంచీ తగ్గిస్తూ రండి, మధ్యాహ్నానికి తలనొప్పి పట్టేది చాలాసార్లు ఆకలికి కాదు, టీ లేక. తోలు చెప్పులు ఇంట్లో వదిలి రబ్బరువి వేసుకు రండి.

ఉపవాస ఫలం త్సెదాకాలోనే (దానంలోనే) ఉందని మన పెద్దల మాట. ఆ రోజు మిగిలే భోజనం ఖరీదు పేదలకు చేరాలి. ఈ గోడలు లేచినప్పుడు కూలి డబ్బులోంచి ఐదూ పదీ ఇచ్చినవాళ్లు మీరే, మరిచిపోలేదు. కానీ కోల్ నిద్రే (యోమ్ కిప్పూర్ మొదలయ్యే వేళ ప్రార్థన) రాత్రి లోపల కాలు పెట్టే చోటుండదు, విరాళాల పుస్తకంలో మాత్రం పేజీలకు పేజీలు ఖాళీ. ఆ మాట అనక తప్పలేదు, మన్నించండి.

సెప్టెంబరు 11 శుక్రవారం మధ్యాహ్నం లోగా అందేలా చూడండి. ఆ సాయంత్రం రోష్ హషానా (మన కొత్త సంవత్సరం) మొదలవుతుంది, 12, 13 తేదీల్లో డబ్బు ముట్టుకోం. ఆ తర్వాత పెట్టె చేయించడానికి మిగిలేది వారమే. డబ్బు కుదరనివాళ్లు అరలీటరు నువ్వుల నూనె తెచ్చినా సంతోషమే, సీసా మూత తీయనిది.