సత్యపట్టికల దగ్గరే ఆగిపోతున్న తర్కం

సంపాదకులకు,

డిస్క్రీట్ మ్యాథమెటిక్స్‌లో వారాల తరబడి సత్యపట్టికలు (వాక్యాల నిజం-అబద్ధం కలయికలన్నీ వరుసలుగా రాసే పట్టికలు) గీయించి, 'ప్రతి', 'ఏదో ఒక' లాంటి మాటలతో వస్తువుల గుణాలను, సంబంధాలను రాసే సంబంధ తర్కాన్ని (ప్రెడికేట్ లాజిక్) ఒకటి రెండు పీరియడ్లలో ముగించే పద్ధతి మారాలి. గేట్ పరీక్ష కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లో ఈ రెండు తర్కాలూ పక్కపక్కనే ఉన్నాయి.

సత్యపట్టికలు వాడే ప్రవచన తర్కం (ప్రొపొజిషనల్ లాజిక్) ఒక్కో వాక్యానికి p, q లాంటి ఒక అక్షరం పెడుతుంది, వాక్యం లోపలికి చూడదు. 'గుర్రాలన్నీ జంతువులే' అన్నది ఒక అక్షరం, 'గుర్రం తల ఏదైనా జంతువు తలే' అన్నది ఇంకో అక్షరం. మొదటిది నిజమైతే రెండోదీ నిజమే. కానీ పట్టికలో 'మొదటిది నిజం, రెండోది అబద్ధం' అన్న వరుసను కొట్టేయడానికి ఆధారం దొరకదు. మదురైలో 1806లో పుట్టిన గణితవేత్త డి మోర్గాన్ ఇలాంటి ఉదాహరణతోనే అరిస్టాటిల్ నాటి పాత తర్కం చాలదని వాదించారు. 'ప్రతి', 'ఏదో ఒక' అనే పరిమాపకాలకు 1879లో జర్మన్ తర్కవేత్త ఫ్రేగె పక్కా రూపం ఇచ్చారు.

బోర్డు మీద నలుగురి పేర్లతో నాలుగు అడ్డువరుసలు, నాలుగు నిలువువరుసలు గీయండి. అడ్డువరుసలోని మనిషికి నిలువువరుసలోని మనిషి తెలిస్తే ఆ గడిలో టిక్కు పెట్టండి. 16 గళ్లు, అంటే 16 విడి ప్రవచనాలు. సత్యపట్టికైతే 65,536 వరుసలు కావాలి! 'ప్రతి ఒక్కరికీ ఎవరో ఒకరు తెలుసు' అంటే ప్రతి అడ్డువరుసలో కనీసం ఒక టిక్కు. 'అందరికీ తెలిసినవారు ఒకరున్నారు' అంటే ఏదో ఒక నిలువువరుస నిండా టిక్కులు. ఎవరికి వారు మాత్రమే తెలిస్తే నాలుగు టిక్కులూ ఏటవాలుగా పడతాయి. మొదటి వాక్యం నిజం, రెండోది అబద్ధం. రెండిటికీ తేడా 'ప్రతి', 'ఏదో ఒక' అన్నవాటిలో ఏది ముందు వస్తుందన్నదే. కలనగణితంలో అవిచ్ఛిన్నతకూ (కంటిన్యుటీ) ఏకరూప అవిచ్ఛిన్నతకూ (యూనిఫాం కంటిన్యుటీ) తేడా సరిగ్గా ఈ క్రమంలోనే ఉంది.

ఇంకో పొరపాటు: 'విద్యార్థులందరూ పాసయ్యారు' అన్నదాన్ని 'ప్రతి'తో రాసేటప్పుడు 'అయితే' బదులు 'మరియు' వాడటం. అప్పుడు బల్లలూ కుర్చీలూ కూడా పాసైన విద్యార్థులేనని అర్థం వస్తుంది. 'ఏదో ఒక'తో మాత్రం 'మరియు' రావాలి.

పేర్లు పరిమితంగా ఉన్నంతవరకు 'ప్రతి' అంటే పొడవైన 'మరియు', 'ఏదో ఒక' అంటే పొడవైన 'లేదా'. సంఖ్యలన్నిటి గురించి మాట్లాడితే ఆ విస్తరణ ముగియదు. సంబంధ తర్కంలో ఏ సూత్రం ఎల్లప్పుడూ నిజమో తేల్చే యాంత్రిక పద్ధతి లేదని 1936లో గణితవేత్తలు చర్చ్, ట్యూరింగ్ విడివిడిగా నిరూపించారు. పట్టిక ఇచ్చే భరోసా ఇక్కడ లేదు గనుకే నిరూపణలు నేర్పాలి.

ప్రశ్నపత్రాలు తయారుచేసేవారు పట్టిక నింపే ప్రశ్న ఒకటి తగ్గించి, తెలుగు వాక్యాన్ని పరిమాపకాలతో రాయమని అడగాలి. 'అందరూ రాలేదు' అని ఇస్తే చాలు. ఒక్కరూ రాలేదనా, కొందరే వచ్చారనా అన్నది తేల్చుకోకుండా కలం కదలదు.

– కొందరు గణిత అధ్యాపకులు, వరంగల్