బెల్లు అందరికీ మోగిందా?

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ప్రియమైన బావా,

నీ ఉత్తరం మంగళవారమే అందింది. తీరిగ్గా రాద్దామని ఆదివారం దాకా ఆగాను, కోప్పడకు. అమ్మకు మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయి. పొద్దున్నే బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దాకా నడిచి వస్తోంది. నిన్ను అడిగానని రాయమంది.

ఇక నువ్వడిగిన సంగతి. మీ కాకినాడ ఆఫీసులో వైవిధ్యం, సమన్యాయం, అందరినీ కలుపుకుపోవడం అంటూ ఒక కమిటీ వేశారని, నిన్ను అడక్కుండానే నీ పేరు రాసుకున్నారని రాశావు. ఇది హెచ్ఆర్ వాళ్ల పని కదా, మన పనేనా అన్నావు. మన పనేరా. ఎందుకంటున్నానో తెలియాలంటే నిరుడు ఇక్కడ జరిగింది చెప్పాలి.

నిరుడు ఆగస్టులో మా విభాగంలో ఒక అమ్మాయి చేరింది. పుట్టుకతోనే వినికిడి లేదు. బిల్లుల తనిఖీలో మా అందరికంటే చురుకు. ఆమె పుట్టినరోజుకు కేకు కోశాం, కాఫీకి పిలిచాం, అంతటితో మేము బాగానే చూసుకుంటున్నామని తృప్తి పడిపోయాం. మీటింగులో ఎవరైనా హాస్యమాడితే ఆమె కూడా నవ్వేది. అందరి నవ్వూ అయిపోతుండగా ఆమె నవ్వు మొదలయ్యేది. అది చాలా రోజులు చూశాను, దాని అర్థం మాత్రం ఆలోచించలేదు.

అక్టోబరులో ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి అగ్నిప్రమాదం వస్తే ఎలా బయటపడాలో అభ్యాసం పెట్టారు. బెల్లు మోగగానే అందరం మెట్లు దిగి కింద వేపచెట్టు దగ్గర వరసగా నిలబడ్డాం. సెక్యూరిటీ ఆయన పేర్లు పిలుస్తున్నాడు. ఆమె పేరు దగ్గర ఆగాడు. నేను రెండో అంతస్తుకు పరుగెత్తాను. హాలంతా ఖాళీ. ఎవరి బల్ల మీదో టీ కప్పులోంచి ఇంకా ఆవిరి వస్తోంది. బెల్లు చెవులు పగిలేలా మోగుతూనే ఉంది. తలుపు వైపు వీపు పెట్టి కూర్చుని ఆమె పని చేసుకుంటోంది. నా నీడ పడ్డాక గానీ వెనక్కి తిరగలేదు. నన్ను చూసింది, తర్వాత ఖాళీ కుర్చీలన్నీ చూసింది. బల్ల మీద పుస్తకం తీసుకుని ఒక్క వాక్యం రాసి నా వైపు తిప్పింది: "అందరూ లేస్తే నేనూ లేస్తాను, ఈసారి చూసుకోలేదు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుఫాను చూసిన ఊరు మనది. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో గ్యాస్ లీకైతే నిద్రలోంచి లేచి జనం పరుగెత్తిన ఊరు. ప్రమాదం వచ్చినప్పుడు సమయానికి తెలియకపోతే ఏమవుతుందో ఇక్కడి వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. మా ఆఫీసు అందరికీ ఒకే బెల్లు పెట్టింది, అదే సమానత్వం అనుకుంది. కానీ ఆ బెల్లు ఆమెకు మోగలేదు. మీ కమిటీ కాగితంలో సమన్యాయం అన్న మాట ఉంది చూశావా, నాకు దాని అర్థం ఆ రోజు బోధపడింది.

మర్నాడు నేనూ, అకౌంట్స్‌లో పనిచేసే అక్కా కలిసి పైవాళ్ల దగ్గరికి వెళ్లాం. బెల్లుతో పాటు వెలిగి ఆరే ఎర్ర లైట్లు పెట్టమన్నాం. "ఒక్కరి కోసం ఇంత ఖర్చా?" అన్నాడు ఒకాయన. అక్క మాట్లాడకుండా సంచిలోంచి కాగితాలు తీసింది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016. పాత 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇందులో ఇరవై ఒకటి. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం రాసి అందరికీ తెలిసేలా ఉంచాలని 21వ సెక్షన్ చెబుతోంది. ఇరవై మందీ, అంతకంటే ఎక్కువమందీ పనిచేసే చోట ఆ విధానంలో ఏమేమి ఉండాలో, ఆ పని చూసే అధికారిని ఎలా నియమించాలో 2017 నియమాల్లో ఉంది. ప్రైవేటు సంస్థలకూ ఇది వర్తిస్తుంది. ఆయన రెండుసార్లు చదివాడు. లైట్లు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆమె కుర్చీని తలుపు కనిపించేలా తిప్పడానికి మాత్రం పది నిమిషాలు చాలింది. ఆ పది నిమిషాల పని మూడు నెలలుగా ఎవరికీ తోచలేదు.

తర్వాత నేనొక తప్పు చేశాను. బయటి కంపెనీలతో జరిగే మీటింగులు ఆమెకు ఇబ్బందని తలచి, ఆమె పేరు తీసేయమని నేనే చెప్పాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఆమెకు తెలిసి నా బల్ల దగ్గరికి వచ్చి పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసింది: "నన్ను అడిగావా?" అడగలేదు. ఆ మీటింగులకు వెళ్లిన వాళ్లకే కదా పదోన్నతి. అందుకే చెబుతున్నాను, ఎవరికి ఏం కావాలో వాళ్లనే అడుగు. జాలితో నువ్వే నిర్ణయించేస్తే వాళ్ల దారి నువ్వే మూసేసిన వాడివవుతావు. మా మీటింగుల్లో ఇప్పుడు ఒకరు వంతులవారీగా మాటలన్నీ టైపు చేస్తారు. మాట్లాడింది దానంతట అదే అక్షరాలుగా వచ్చే ఏర్పాటు కంప్యూటర్లో ఉంది గానీ, తెలుగూ ఇంగ్లీషూ కలిపే మన మాటలకు అది తప్పుల తడకగా రాస్తుంది.

ప్రతి శుక్రవారం సాయంత్రం అరగంట ఆమె మాకు సంజ్ఞా భాష నేర్పుతోంది. ఇంగ్లీషు అక్షరాలు రెండు చేతులతో చూపాలి. ఎ, ఇ, ఐ, ఓ, యు అన్న అయిదూ ఎడమ చేతి అయిదు వేళ్ల కొసల మీద ఉంటాయి, బొటనవేలు ముట్టుకుంటే ఎ, చిటికెనవేలు ముట్టుకుంటే యు. ఢిల్లీలో 2015లో పెట్టిన భారతీయ సంజ్ఞా భాష సంస్థ పదివేల పదాల నిఘంటువు తయారుచేసింది, తెలియనివి అందులో చూసుకుంటున్నాం. మొదటి వారం నలుగురమే. ఇప్పుడు క్యాంటీన్ కుర్రాడు కూడా వస్తున్నాడు. ఆమెను కాఫీయా, టీయా అని చేతులతోనే అడుగుతాడు.

ఒకటి కనిపించాక మిగతావీ కనిపించాయి. పాడేరు వైపు నుంచి వచ్చిన కుర్రాడు భోజనాల దగ్గర ఎప్పుడూ చివర కూర్చుంటాడు. శ్రీకాకుళం అమ్మాయి యాసను అనుకరించి నవ్వుతారు, అందుకే ఆమె మీటింగుల్లో నోరు మెదపదు. ఇక ఇంటిపేర్ల సంగతి నీకు తెలియనిది కాదు. కొత్తగా ఎవరు చేరినా ముందు పేరు, ఆ వెంటనే ఇంటిపేరు, ఆ తర్వాత "ఏ ఊరు వాళ్లు, ఫలానా వాళ్లకు ఏమవుతారు?" అని కులం తేలేదాకా తవ్వుతారు. నేనూ అడిగిన వాడినే. అడిగేవాడికి అది కబురు, చెప్పాల్సిన వాడికి పరీక్ష. మా వరసలో వాళ్లం ఆ ప్రశ్న మానేశాం. పక్క వరసలో ఇంకా సాగుతోంది, అక్కడ మా మాట వినేవాళ్లు లేరు. అది నన్ను బాధపెడుతోంది.

పనిచేసే చోట లైంగిక వేధింపులపై ఆడవాళ్ల ఫిర్యాదులు వినే కమిటీ గురించి కూడా అడిగావు. పదిమందీ, అంతకంటే ఎక్కువమందీ పనిచేసే ఏ చోటైనా 2013 చట్టం ప్రకారం అది ఉండాలి, సభ్యుల్లో సగం మందికి తగ్గకుండా ఆడవాళ్లుండాలి, బయటి నుంచి ఒకరుండాలి. దీనికి మూలం 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు. ఆ విశాఖ మన ఊరు కాదు, రాజస్థాన్‌లో కోర్టుకెళ్లిన ఒక మహిళా సంస్థ పేరు. మా ఆఫీసులో సగం మంది మన ఊరి కేసే అనుకున్నారు. మీ దగ్గర ఆ సభ్యుల పేర్లు గోడ మీద ఉన్నాయో లేదో రేపే చూడు. లేకపోతే మొదటి సమావేశంలో అడగవలసింది అదే.

వచ్చే నెల పెళ్లికి వస్తున్నావు కదా, శుక్రవారం పొద్దుటి బండికే రా. సంజ్ఞా భాషలో మనిషి పేరుకు ఒక సైగ ఉంటుంది, దాన్ని వినికిడి లేని వాళ్లే పెడతారు. నాకు ఆమె కళ్లజోడు సర్దుకునే సైగ పెట్టింది. నీ గురించి చెప్పాను, నిన్ను చూశాకే నీకు పేరు పెడతానంది. అయిదింటికి రెండో అంతస్తు, మెట్లెక్కగానే కుడి వైపు గది.

నీ
బావ