ఇలోంగోత్ పేము బుట్టలు

ఒరే సత్యం,

ఎలా ఉన్నావు? పిల్లలకు సెలవులు అయిపోయాయా? నాకు ఈమధ్య ఎటు చూసినా బుట్టలేరా. ఫిలిప్పీన్స్‌లో లుజోన్ దీవి తూర్పున సియెర్రా మాద్రే కొండలున్నాయి. వాటి దక్షిణపు కొసన ఉండే ఇలోంగోత్ తెగవాళ్ల బుట్టలు. తమను తాము బుగ్కలోత్‌లమని చెప్పుకుంటారు.

ముందు పేము సంగతి చెప్పాలి. తీగలా చెట్లమీదికి పాకుతుంది కానీ అది తాటిజాతి మొక్క, ఒళ్లంతా ముళ్లు. ఆ ముళ్ల తొడుగు ఊడదీసి, లోపలి తీగను నిలువునా చీల్చి, కత్తి అంచున లాగి లాగి గీకితే గానీ అల్లికకు పనికొచ్చే బద్ద రాదు. ఎండితే పెళుసెక్కుతుంది కాబట్టి తడిపి అల్లాలి. ఆ ప్రాంతపు బుట్టలు చాలావరకు అడుగున నలుచదరంగా మొదలై మూతి దగ్గరికొచ్చేసరికి గుండ్రమైపోతాయి. నాలుగు మూలలు ఎక్కడ కలిసిపోయాయో వెతుకుతూ ఎంతసేపైనా కూర్చోగలను.

పాతరోజుల్లో వాళ్లది పోడు సేద్యం. వరి నాట్లూ కోతలూ ఆడవాళ్లవి. మగవాళ్లు కుక్కల్ని వెంటేసుకుని అడవిపంది, జింక వేటకు పోయేవారు. పోడు మారితే ఇల్లూ మారేది. అలాంటి బతుకులో కుండ బరువు, పెట్టె మరీ బరువు. పేము బుట్ట కిందపడినా పగలదు, వీపుకు తగిలించుకుంటే రెండు చేతులూ ఖాళీ.

ఇలోంగోత్ అనగానే అందరూ తలలు నరికే కథే ఎత్తుకుంటారు. అది నిజమే, 1972లో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్ సైనిక పాలన వచ్చాక ఆ పని ఆగింది. కానీ ఆ ఒక్కమాట కింద వాళ్ల పనితనమంతా కప్పబడిపోతోందిరా, నా బాధ అదే.

విలియం జోన్స్ అని ఒకాయన. ఆయనా అమెరికాలోని ఫాక్స్ తెగవాడే, 1904లో కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ తీసుకున్నాడు. నీ ఊరు షికాగోలోని ఫీల్డ్ మ్యూజియం పంపితే 1908లో ఇలోంగోత్‌ల మధ్యకు చేరి వాళ్ల వస్తువులు సేకరించాడు. 1909 మార్చిలో అవన్నీ నదిమీద దిగువకు చేర్చాలి. ఇస్తామన్న వెదురు తెప్పలు ఎంతకీ రాలేదు. గొడవ ముదిరింది, ఆయన్ను అక్కడే చంపేశారు. ఆ సామాన్ల వెనక ఒక ప్రాణం పోయింది.

షికాగోలో ఉన్నావు కదా, వీలు చూసుకుని వెళ్లరా. ప్రదర్శనలో ఉన్నాయో, గోదాములో ఉన్నాయో ముందు ఫోన్ చేసి కనుక్కో. బుట్ట కనబడితే మూతి దగ్గర ఫోటో తీసి పంపు, అంచు ఎలా కట్టారో చూడాలి.

నీ
రాంబాబు